చవక సోప్రానో శాక్సోఫోన్ కొనేటప్పుడు ఎలా పరీక్షించుకోవాలి: బాగయ్యే లోపాలు, బాగవని లోపాలు

ఆన్‌లైన్‌లో 25 వేలకో 30 వేలకో తళతళలాడే సోప్రానో శాక్సోఫోన్ కనపడుతుంది. పేరున్న కంపెనీవి అదే సైజులో లక్షల్లో ఉంటాయి. ఫొటోలో పక్కపక్కన పెడితే రెండిటికీ తేడా చెప్పడం కష్టం. మరి కొనొచ్చా? నన్నడిగితే కొనొచ్చు, కాకపోతే డబ్బాలోంచి తీసి ఊదగానే పలుకుతుందని మాత్రం అనుకోవద్దు. పైన పటారం లోన లొటారం బాపతు వీటిలో చాలా ఉంటాయి, అయితే ఆ లొటారంలో కొంత రెండు నిమిషాల్లో సర్దుకునేది, కొంత బ్రహ్మదేవుడొచ్చినా సర్దలేనిది. ఏది ఏదో మీరే కనిపెట్టుకోవడం ఎలాగో చెప్తాను.

ముందు నా సంగతి. నా మొదటి సోప్రానో నేనూ ఆన్‌లైన్‌లోనే కొన్నాను. అట్టడుగున ఉండే బి, బి ఫ్లాట్ స్వరాలు ఎంత ఊదినా సరిగ్గా పలికేవి కావు, నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు గుడగుడమనేవి. నాకే ఊదడం రావట్లేదేమో అనుకుని మూడు నెలలు పొద్దున్నే లేచి సాధన చేశాను. ఎవరికైనా చెప్తే ఆడలేక మద్దెల ఓడు అంటారని భయం. చివరికి పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే ఒక మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన శాక్స్ వాయించరు. అయినా చేతిలోకి తీసుకుని మీటలన్నీ ఒకసారి ఆడించి చూసి, "నువ్వు ఊదు బాబూ" అన్నారు. నేను బి ఫ్లాట్ పట్టుకుని ఊదుతుంటే, ఆయన మధ్యలో ఒక రంధ్రాన్ని మూసే చిన్న ప్యాడ్‌ని తన చూపుడు వేలితో అదిమి పట్టుకున్నారు. అంతే, మూడు నెలలుగా రాని స్వరం గుడి గంటలా మోగింది. "నీ ఊపిరిలో తప్పేం లేదు, గాలి ఇక్కడ పోతోంది" అని, కళ్లద్దాలకు వాడే స్క్రూడ్రైవర్‌తో ఒక చిన్న స్క్రూని పావు వంతు తిప్పి చేతికిచ్చారు. డబ్బులు కూడా తీసుకోలేదు, టీ తాగించి పంపించారు.

ఆ సంతోషం వారం రోజులు ఉంది. ఆ తర్వాత ఫోన్‌లో ట్యూనర్ (శ్రుతి చూపించే యాప్) పెట్టుకుని ఒక్కో స్వరం చూసుకుంటే అసలు విషయం బయటపడింది: పక్కపక్క స్వరాలే ఒకటి పైకి, ఒకటి కిందికి. దానికి తిప్పడానికి స్క్రూ లేదు, ఎందుకంటే తప్పు గొట్టంలోనే ఉంది, రంధ్రం పడాల్సిన చోట పడలేదు. నన్ను మూడు నెలలు ఏడిపించిన లోపం రెండు నిమిషాల్లో పోయింది, నేను గమనించనైనా గమనించనిది ఎప్పటికీ పోదు. అందుకే కింద చెప్పే ప్రతి పరీక్షలోనూ, తప్పు దొరికినప్పుడు టెన్షన్ పడకుండా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది సర్దుకునేదా, కాదా?

సోప్రానోకే ఇంత పట్టింపు ఎందుకు

శాక్సోఫోన్ కుటుంబంలో సోప్రానో కంటే పెద్దవైన ఆల్టో, టెనర్ చవకవి కొన్నా కొంతవరకు నెట్టుకురావచ్చు. సోప్రానో ఒప్పుకోదు. కారణం పొడవు. ఎడమచేతి చూపుడు వేలు ఒక్కటే నొక్కితే వచ్చే బి స్వరం తీసుకోండి, అది ట్యూనర్‌లో ఏ అని, 440 హెర్ట్జ్ అని చూపించాలి (సోప్రానో రాసినదానికంటే ఒక స్వరం కిందికి పలుకుతుంది కాబట్టి). ఆ స్వరానికి లోపల ఊగే గాలి పొడవు సుమారు 39 సెంటీమీటర్లు. రంధ్రం 1 మిల్లీమీటరు అటూ ఇటూ పడితే శ్రుతి 4, 5 సెంట్లు జరుగుతుంది. సెంటు అంటే రెండు పక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు. టెనర్ సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది, గాలి పొడవు రెట్టింపు, కాబట్టి అదే మిల్లీమీటరు తప్పుకి అక్కడ సగమే నష్టం. అంటే టెనర్ చేసే కార్ఖానాలో చెల్లిపోయే అజాగ్రత్త సోప్రానోలో చెల్లదు. 1846లో శాక్సోఫోన్‌ని కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ పారిస్‌లో పేటెంట్ తీసుకున్ననాటి నుంచీ దీని బాధ ఇదే.

పైగా సోప్రానో పెదవుల పట్టుకి తొందరగా లొంగుతుంది. పట్టు కాస్త బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే జారుతుంది. గమకాలు వేసేవాళ్లకి ఇది వరమే, కానీ వాయిద్యంలో తప్పుందా మన పెదవుల్లో ఉందా అన్నది తేలకుండా పోవడానికీ ఇదే కారణం.

ఇంకో మాట, ఇది పక్కదారే అయినా చెప్పాలి. శాక్స్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీలు విని శాక్స్ మీద మనసు పడి, చూడ్డానికి సన్నాయిలా తిన్నగా ఉందని సోప్రానో కొనేవాళ్లు ఉన్నారు. ఆయన వాయించింది ఆల్టో. ఆ గొంతు కావాలంటే ఆల్టోనే కొనుక్కోండి, మొదటిసారి నేర్చుకునేవాళ్లకి అదే తేలిక కూడా. సోప్రానోయే కావాలి అని గట్టిగా అనుకున్నవాళ్లు ముందుకు రండి.

1. సొంత మౌత్‌పీస్, కొత్త రీడ్ వెంట పెట్టుకోండి

చవక శాక్స్ డబ్బాలో వచ్చే మౌత్‌పీస్‌ని నమ్మి దేన్నీ పరీక్షించొద్దు. దాని కొన దగ్గర చూడండి, రెండు పక్కల అంచులు ఒకే వెడల్పులో ఉండాలి. చాలావాటిలో ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. రీడ్ (ఊదితే కంపించే పల్చటి బద్ద) ఆనుకునే చదును భాగం నిజంగా చదునుగా ఉండదు. అలాంటిదాంతో ఊదితే మంచి వాయిద్యం కూడా చెడ్డదిలాగే కీచుమంటుంది. యమహా 4సి లాంటి సాదా మౌత్‌పీస్ ఒకటి, 2 లేదా రెండున్నర నంబరు రీడ్లు ఒక పెట్టె ముందే కొనుక్కోండి. శాక్స్ కొన్నా కొనకపోయినా అవి వృథా పోవు.

కొట్టులో శాక్స్ చేతికి తీసుకునే ముందే ఆ మౌత్‌పీస్‌కి రీడ్ బిగించి అదొక్కటే ఊదండి. ట్యూనర్ సి దగ్గర, అంటే సుమారు 1046 హెర్ట్జ్ దగ్గర చూపిస్తే మీ పట్టు సరిగ్గా ఉన్నట్టే. డి దాటి ఇంకా పైకి పోతుంటే మీరు మౌత్‌పీస్‌ని కొరుకుతున్నారు. ఆ పట్టుతో ఏ సోప్రానో పరీక్షించినా పై స్వరాలన్నీ పైకే పోతాయి, తప్పు వాయిద్యం మీదికి నెడతారు. మీకింకా అంత అలవాటు లేకపోతే వాయించడం వచ్చినవాళ్లని ఎవరినైనా బతిమాలుకుని తీసుకెళ్లండి. శాక్స్ వాళ్లే కానక్కర్లేదు, క్లారినెట్ వాళ్లయినా చాలు, నా కథ చూశారుగా.

2. కళ్లతో, వేళ్లతో

మెరుపు చూడకండి. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగులు, గంట (గొట్టం చివర విచ్చుకునే నోరు) మీద చెక్కిన పూలు, "ప్రొఫెషనల్" అన్న అక్షరాలు, వీటికీ స్వరానికీ సంబంధం లేదు. "ప్రొఫెషనల్" అని రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కొత్తది అయితే ముందు మీటల కింద, ప్యాడ్ల మధ్య ఇరికించిన బెండు ముక్కలన్నీ తీసేయండి. ప్రయాణంలో మీటలు కదలకుండా ఫ్యాక్టరీలో పెడతారు. అవి తీయకుండా ఊదేసి "ఒక్క స్వరమూ రావట్లేదు, పాడైన సరుకు పంపారు" అని వాపసు పంపినవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు పొడవాటి మీట ఒకటి రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకి ఊపండి. కొద్దిగా కదిలితే ఫరవాలేదు. టకటకమని చప్పుడు చేస్తూ ఊగితే లోపలి కడ్డీకి, దాని మీది గొట్టానికి మధ్య ఖాళీ ఎక్కువుందని అర్థం. ఇవాళ ప్యాడ్ సరిగ్గా కూర్చున్నా రేపు అదే చోట కూర్చోదు. ఒకటి రెండు మీటలైతే రిపేరు చేసేవాళ్లు బిగిస్తారు. అన్నీ అలాగే ఉంటే వదిలేయండి.

తర్వాత లోహం మెత్తదనం. ఎడమ అరచేతి పక్క ఉండే మీటల్లో ఒకదాన్ని, ప్యాడ్ కదలకుండా పట్టుకుని, మామూలుగా నొక్కే బలంతో నొక్కండి. చెంచా వంగినట్టు మీట వంగుతున్నట్టు అనిపిస్తే ఆరు నెలలకోసారి మీరు రిపేరు కొట్టు మెట్లెక్కాల్సిందే.

గొట్టానికి అతికించిన చిన్న స్తంభాల పాదాల దగ్గర చూడండి. అతుకు చుట్టూ నిండుగా ఉండాలి. సందు కనిపించినా, పచ్చగా చిలుము పట్టినా, ఆ స్తంభం ఏదో ఒక రోజు చేతికొస్తుంది.

నెక్, అంటే మౌత్‌పీస్ తొడిగే పై ముక్క, విడిగా వచ్చేది మంచిదా, కలిసి ఉండేది మంచిదా? ఖరీదైన వాటిలో విడిగా వచ్చేవే ఎక్కువ, తిన్నగా ఒకటి, కాస్త వంగినది ఒకటి, రెండు ఇస్తారు. చవక వాటిలో కూడా "2 నెక్‌లు ఉచితం" అంటారు. నా మాట వినండి, చవకగా కొనేటప్పుడు నెక్ కలిసే ఉన్నది తీసుకోండి. విడదీసే ప్రతి చోటా గాలి పోయే అవకాశం ఉంటుంది, పైగా స్థాయి మార్చే మీట ఆ అతుకు దాటి పైకి వెళ్లాలి. అలాగే బొమ్మలా ముద్దుగా ఉండే వంపు సోప్రానో జోలికి ఈ ధరలో పోకండి.

3. గాలి ఎక్కడ పోతోందో పట్టుకోండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే "చవక శాక్స్ పలకదు" అనే ఫిర్యాదుల్లో సగానికి పైగా తేలేది ఇక్కడే.

అన్నిటికంటే తేలికైనది ఇది. అట్టడుగు బి ఫ్లాట్‌కి పట్టినట్టు అన్ని మీటలూ మూయండి. ఇక గాలి పోవడానికి గంట తప్ప దారి ఉండకూడదు. మీ పక్కన ఉన్నవాళ్లని గుడ్డ మడత పెట్టి ఆ గంటని గట్టిగా మూయమనండి. మౌత్‌పీస్ తీసేసి నెక్‌కి పెదవులు ఆనించి మెల్లగా ఊదండి. గాలి అడ్డం పడి బుగ్గలు ఉబ్బితే బాగున్నట్టు. సైకిల్ ట్యూబుకి చిల్లు పడ్డట్టు స్స్ అని వినిపిస్తే చెవి దగ్గర పెట్టి ఎక్కడో వెతకండి, తడి వేలు దగ్గరికి తెస్తే చల్లగా తగులుతుంది.

రెండోది వెలుతురుతో చూడటం. రిపేరు వాళ్ల దగ్గర దీనికోసమే లీక్ లైట్ అని ఉంటుంది. మనకి అంత అక్కర్లేదు, దీపావళికి కొనే సన్న తీగ ఎల్‌ఈడీ దండ, బ్యాటరీతోనో ఫోన్ చార్జర్‌తోనో వెలిగేది, చాలు. నేరుగా కరెంటు ప్లగ్గులో పెట్టే సీరియల్ సెట్టు మాత్రం లోహపు గొట్టంలోకి దూర్చకండి బాబూ. గదిలో లైట్లు ఆర్పేసి, దండని గంట వైపు నుంచి లోపలికి దింపి, ఒక్కో మీట మెల్లగా, చాలా మెల్లగా మూయండి. ప్యాడ్ అంచు చుట్టూ వెలుగు ఒకేసారి ఆరిపోవాలి. ఒక పక్క చంద్రవంకలా వెలుగు మిగిలితే గాలి పోయేది అక్కడే. వేలితో గట్టిగా నొక్కితే ఆ వెలుగు కూడా పోతుంది, దాంతో బాగుందనుకుంటాం, అదే మోసం. ప్రతి స్వరానికీ అంత బలంగా నొక్కుతూ ఎవరూ వాయించలేరు.

మూడోది, దండ అందని చోట సిగరెట్ కాగితం. అగ్గిపుల్ల వెడల్పున కత్తిరించి ప్యాడ్ కింద పెట్టి, మీట మెల్లగా మూసి కాగితం లాగండి. ముందు, వెనక, కుడి, ఎడమ, నాలుగు వైపులా ఒకేలా పట్టుకోవాలి. ఒక వైపు జారిపోతే ప్యాడ్ ఏటవాలుగా కూర్చుంది. ఇది బాగయ్యేదే. లక్కతో అతికించిన ప్యాడ్‌ని వేడి చేసి కదిపి మళ్లీ కూర్చోబెడతారు. కానీ ప్యాడ్ చదునుగానే ఉండి రంధ్రం అంచే ఎగుడుదిగుడుగా ఉంటే ఆ అంచుని ఆకురాయితో సాపు చేయాలి. అదీ అయ్యే పనే గానీ ఒకటి రెండు రంధ్రాలకైతేనే గిట్టుబాటు. పది రంధ్రాలు అలా ఉంటే రిపేరు ఖర్చుతో ఇంకో శాక్స్ వస్తుంది.

ఇప్పుడు మాస్టారు చూపించిన ఆ చిన్న ప్యాడ్. అది జి షార్ప్ ప్యాడ్. కొత్త మోడళ్లలో చాలావాటిలో ఎడమ చిటికెన వేలితో అట్టడుగు సి షార్ప్, బి, బి ఫ్లాట్ ఏది నొక్కినా జి షార్ప్ మీట కూడా దాంతోపాటు దిగుతుంది. అప్పుడు ఆ ప్యాడ్ పైకి లేవకుండా ఆపేది కుడిచేతి మీటలకు కలిసి ఉన్న చిన్న చెయ్యి ఒక్కటే, దాని ఒత్తిడిని సర్దేదే ఆ స్క్రూ. అది వదులుగా ఉంటే అట్టడుగు సి బాగా పలుకుతుంది, దాని కింద బి, బి ఫ్లాట్ మాత్రం గుడగుడమంటాయి. ఈ లక్షణం గుర్తుపెట్టుకోండి. పరీక్ష ఎలాగంటే, జి షార్ప్ మీట నొక్కి పట్టుకునే ఎఫ్, ఇ, డి వాయించండి. జి షార్ప్ వదిలేసి వాయించినప్పటికీ ఇప్పటికీ తేడా ఉండకూడదు. ఉంటే స్క్రూ తిప్పాలి. ఒక్కోసారి పావు వంతు కంటే తక్కువే సరిపోతుంది, ఎక్కువ తిప్పితే కుడిచేతి మీటలు పూర్తిగా మూసుకోవు, అప్పుడు కింది స్వరాలన్నీ పోతాయి.

అదే జి షార్ప్ ప్యాడ్, అట్టడుగు సి షార్ప్ ప్యాడ్ అతుక్కుపోయి లేవకపోవడం కూడా మామూలే. మూసే ఉంటాయి కాబట్టి ఉమ్మి, తేమ చేరి జిగురు పడతాయి. పల్చటి కాగితం పెట్టి మూసి తీస్తే చాలావరకు వదులుతుంది. దీనికోసం శాక్స్ వద్దనుకోకండి, లక్షల ఖరీదు వాటికీ ఉన్న జబ్బే.

చివరగా స్థాయి మార్చే మీట. ఊదకుండా, బొటనవేలితో ఆ మీట నొక్కి పట్టుకుని, ఎడమచేతి మూడో వేలు జి మీట మీద నొక్కుతూ వదులుతూ ఉండండి. పైన ఒక చిన్న రంధ్రం, కింద ఒక చిన్న రంధ్రం, ఒకటి తెరుచుకుంటే ఇంకోటి మూసుకోవాలి. రెండూ ఒకేసారి తెరిచి ఉన్నా, పైది పూర్తిగా మూసుకోకపోయినా, కింది స్వరాలు మీరు అడగకుండానే పై స్థాయికి ఎగిరిపోతాయి. ఇదీ వంచి సర్దేదే.

4. శ్రుతి, అసలు పరీక్ష

గాలి పోయే చోట్లు సర్దాకే శ్రుతి చూడాలి. లీకు ఉన్న వాయిద్యం శ్రుతి గురించి అబద్ధం చెప్తుంది.

ముందు పది నిమిషాలు వాయించి గొట్టాన్ని వెచ్చబెట్టండి, చల్లగా ఉంటే అన్నీ కిందికి పలుకుతాయి. ఇందాక చెప్పిన బి స్వరం ట్యూనర్‌లో 440 చూపించేలా మౌత్‌పీస్ లోపలికి, బయటికి జరుపుకోండి. ఆ తర్వాత ట్యూనర్ మీరు చూడకూడదు. చూస్తే మీకు తెలియకుండానే పెదవులతో సర్దేస్తారు. ఫోన్ పక్కవాళ్ల చేతికివ్వండి. కళ్లు మూసుకుని అట్టడుగు నుంచి పైదాకా ఒక్కో స్వరం నాలుగు సెకన్లు, బలవంతం లేకుండా పట్టుకోండి. ఆ మనిషి కాగితం మీద ప్లస్ ఎంత, మైనస్ ఎంత అని రాస్తారు. మర్నాడు ఇంకోసారి చేయండి. రెండు రోజులూ ఒకే స్వరం ఒకే పక్కకి పోతే అది మీ తప్పు కాదు.

ఇక ఆ కాగితం చదవడం. 10 సెంట్ల లోపు తేడా అయితే దిగుల్లేదు. 15 దాకా పెదవులతో సర్దుకోవచ్చు. మధ్య డి కాస్త పైకి పోవడం మంచి మంచి శాక్సుల్లో కూడా ఉంటుంది, దాన్ని క్షమించేయండి. అంకెల కంటే వరస ముఖ్యం.

పైకి వెళ్లే కొద్దీ స్వరాలు క్రమంగా పెరుగుతూనో తగ్గుతూనో పోతుంటే అది ఎక్కువగా మౌత్‌పీస్ వ్యవహారం. మౌత్‌పీస్ లోపలికి తోస్తే పొట్టి గాలి ఉన్న స్వరాలు ఎక్కువ పెరుగుతాయి, పొడవు గాలివి తక్కువ పెరుగుతాయి, కాబట్టి జరిపి చూసి, లేకపోతే వేరే మౌత్‌పీస్ పెట్టి చూస్తే దారికొస్తుంది. ఒక్క స్వరం మాత్రం కిందికి పోయి, గొంతు కూడా మూగగా ఉంటే, ఆ స్వరం బయటికొచ్చే రంధ్రం మీది ప్యాడ్ సరిగ్గా పైకి లేవట్లేదు. మీట కింద అతికించి ఉండే బెండు ముక్క పల్చన చేస్తే లేస్తుంది, స్వరం పెరుగుతుంది. ఒక్క స్వరం పైకి పోతే ప్యాడ్ ఎత్తు తగ్గిస్తారు, అదీ చాలకపోతే రంధ్రం పై అంచున లోపల చంద్రవంకలా కొంచెం పూత పెడతారు.

ఇక బాగవనిది. ఒకటి ప్లస్ 20, పక్కది మైనస్ 20, దాని పక్కది మళ్లీ ప్లస్, ఇలా రంపం పళ్లలా ఉంటే ఆ శాక్స్‌ని మర్యాదగా డబ్బాలో పెట్టేయండి. ఒకటి సర్దితే ఇంకోటి చెడుతుంది. నాది ఇదే బాపతు.

కర్ణాటక సంగీతం వాయించేవాళ్లు ఇంకో పరీక్ష కూడా చేయండి, నాకైతే ట్యూనర్ కంటే ఇదే నమ్మకం. తంబురా యాప్‌లో ఒకటో శ్రుతి పెట్టండి. సోప్రానోలో డి మీ షడ్జం అవుతుంది. డి, ఏ, పై డి, అంటే స ప స, ఒక్కోటి దీర్ఘంగా పట్టుకోండి. తంబురాతో కలిసిపోతే నిశ్చలంగా ఉంటుంది, కలవకపోతే వావ్ వావ్ వావ్ అని అలలుగా కొట్టుకుంటుంది. పెదవులు కదపకుండా ఈ మూడూ కలవకపోతే రాగం దాకా పోనక్కర్లేదు. మీరు ఎక్కువగా వాయించే శ్రుతి వేరే అయితే దాన్ని పెట్టి చూడండి. ఆరున్నర అయితే సి షడ్జం అవుతుంది.

5. లెక్క, బేరం

శాక్స్ ధర మీద కనీసం నాలుగో వంతు పక్కన పెట్టుకోండి, మౌత్‌పీస్‌కి, రీడ్లకి, ఒకసారి పూర్తిగా సర్దించడానికి. ఈ లెక్క వేశాక కూడా గిట్టుబాటు అనిపిస్తేనే కొనండి. మన ఊళ్లలో హార్మోనియం బాగుచేసేవాళ్లు దొరికినంత తేలిగ్గా శాక్స్ ప్యాడ్లు మార్చేవాళ్లు దొరకరు, కాబట్టి కొనేముందే ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో కనుక్కోండి. పెళ్లి బ్యాండుల వాళ్లని అడిగితే దారి చెప్తారు, వాళ్ల క్లారినెట్‌లు ఎవరో ఒకరు బాగుచేస్తున్నారు కదా.

ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో ముందు చూసుకోండి, డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయండి, పై పరీక్షలన్నీ ఆ గడువులోపే చేసేయండి. నేను మూడు నెలలు ఆగి పోగొట్టుకుంది అదే.

చవక అనగానే చైనా, చైనా అనగానే చెత్త అనుకోవడం కూడా సరికాదు. ఒకే మోడల్‌లో ఒకటి బాగుంటుంది, ఇంకోటి ఉండదు, తేడా చివర్లో సర్దేవాళ్ల చేతిలో, తనిఖీలో ఉంది. తైవాన్‌లో తైచుంగ్ నగరం కిందికి వచ్చే హౌలీ అనే ప్రాంతం ఉంది, శాక్సోఫోన్లకే పేరు. అక్కడ తయారైనవి ధరలో మధ్యస్థంగా ఉంటాయి, శ్రుతిలో చాలా నయం. ఇంకో దారి సెకండ్ హ్యాండ్. యమహా వైఎస్ఎస్ 475 లాంటిది పాతది దొరికితే, గీతలు పడి రంగు పోయి ఉన్నా, కొత్త చవకదానికంటే దానికే నా ఓటు, ఎందుకంటే ప్యాడ్లు మార్చుకోవచ్చు, గొట్టాన్ని మార్చుకోలేం. మళ్లీ అమ్మినా మంచి ధరే వస్తుంది.

అమెరికాలో ఉండి పిల్లల స్కూల్ బ్యాండు కోసం చూసే మనవాళ్లకి: ముందు టీచర్ని అడగండి, దాదాపు అందరూ ఆల్టోతోనే మొదలుపెట్టమంటారు, అది అద్దెకి దొరుకుతుంది. పిల్లవాడు పెద్దయ్యాక సోప్రానో అడిగినప్పుడు, 1920ల నాటి పాత వెండి సోప్రానో తక్కువకి వస్తోందని మురిసిపోకుండా ఒకటి చూడండి. సీరియల్ నంబరు దగ్గర హై పిచ్ అనిగానీ, హెచ్ అక్షరంగానీ ఉంటే అది నేటి 440కి కాకుండా పాతకాలపు ఎత్తు శ్రుతికి చేసినది, ఇప్పుడు దేంతోనూ కలవదు. అప్పట్లో బి ఫ్లాట్ బదులు సి శ్రుతిలో చేసిన సోప్రానోలూ అమ్మారు, అదీ అడిగి తెలుసుకోండి.

6. ఇంటికొచ్చాక

వాయించిన ప్రతిసారీ బరువు కట్టిన గుడ్డని గొట్టంలోంచి లాగండి. జి షార్ప్, సి షార్ప్ ప్యాడ్ల కింద కాగితం పెట్టి తేమ తీయండి. నెక్ మీద కార్కు సన్నగా ఉండి మౌత్‌పీస్ ఊగుతుంటే, కొత్త కార్కు వేయించేదాకా దాని మీద సన్న కాగితం ఒక చుట్టు చుట్టొచ్చు.

కొత్త చవక శాక్స్‌లో మొదటి నెల స్క్రూలు వాటంతట అవే వదులవుతాయి. వారానికోసారి అన్నీ ఒకసారి చూసుకోండి, బిగించడం అంటే బలం చూపించడం కాదు, మీట స్వేచ్ఛగా ఆడుతూ ఉండాలి. అంతా కుదిరాక ఆ జి షార్ప్ స్క్రూ తల మీద గోళ్ల రంగు ఒక్క చుక్క వేయండి, ఇక కదలదు, కావాలంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పితే ఊడిపోతుంది. ఏ రంగైనా ఫరవాలేదు. నా రెండో శాక్స్ మీద ఉన్నది మెరూన్, మా ఆవిడ దగ్గర ఆ రోజు అదే దొరికింది.